టారో పనికి నీ ఫొటోలు వాడే ముందు

అమ్మాయ్,

నీ ఉత్తరం అందింది. టారో రీడింగ్, అంటే బొమ్మల కార్డులు పరిచి ఎదుటివాళ్ల ప్రశ్నకు అర్థం చెప్పే పని మొదలుపెట్టావు, పేజీ తెరిచావు, ఇప్పుడు అందులో నీ ఫొటోలు పెట్టాలా, కార్డుల బొమ్మలతోనే నెట్టుకురావాలా అని అడిగావు. పెట్టు. మొహమాటం లేకుండా పెట్టు. కానీ ఏ ఫొటో, ఎంతవరకు, అందులో ఇంకెవరెవరు ఉన్నారు అన్నవి ముందే తేల్చుకో. ఒకసారి బయటికి వెళ్లిన ఫొటోను నీ పేజీలోంచి తీసేయగలవేమో గానీ, అప్పటికే దాచుకున్నవాళ్ల ఫోన్లలోంచి తీయలేవు.

ఎందుకు పెట్టమంటున్నానో చెబుతాను. మన దగ్గరికి మనసు బాగున్నప్పుడు వచ్చేవాళ్లు తక్కువ. సంబంధం తెగేలా ఉంటుంది, ఉద్యోగం ఊగిసలాడుతుంటుంది, ఇంట్లో చెప్పుకునే దిక్కుండదు. అలాంటి మనిషి మన పేజీ తెరిచి మొదట వెతికేది మన విద్య ఎంతని కాదు. ‘ఈవిడ దగ్గర నా గోడు చెప్పుకోవచ్చా, చెబితే తన దగ్గరే ఉంచుకుంటుందా’ అని. దానికి కార్డు బొమ్మ జవాబివ్వలేదు. 1909లో లండన్‌లో రైడర్ సంస్థ అచ్చువేసిన డెక్ (కార్డుల కట్ట) బొమ్మలే ఇవాళ్టికీ ఎన్నో పేజీల్లో ఉంటాయి. అదే ఫూల్, అదే సూర్యుడు, అదే చంద్రుడు. వాటి మధ్య నువ్వెవరో తెలియాలంటే నీ మొహం కనపడాలి.

అందుకే నా మొదటి షరతు ఇది: ఫొటోలో ఉన్న మనిషే రీడింగ్‌లోనూ కూర్చోవాలి. ఫొటో చూసి డబ్బు కట్టినవాళ్లు వీడియో కాల్‌లో నిన్ను చూసి ‘ఈవిడేనా?’ అనుకున్నారంటే నమ్మకం అక్కడే సడలుతుంది. మొహాన్ని నున్నగా చేసే ఫిల్టర్లు, కంప్యూటర్ తయారుచేసి ఇచ్చే మాయ బొమ్మలు మనకు వద్దు. మనుషులు మన నుంచి కోరేది నిజం మాట కదా, అబద్ధపు మొహంతో ఎలా మొదలుపెడతాం? కళ్లజోడు వచ్చినా, జుట్టు మారినా ఫొటో మార్చెయ్.

చీకటి గది, కొవ్వొత్తులు, కళ్ల చుట్టూ దట్టంగా కాటుక, చేతిలో గాజుగోళం. ఇవి అందరూ పెడతారు కాబట్టి నీకూ పెట్టాలనిపిస్తుంది. అలాంటి ఫొటో చూసి వచ్చేవాళ్లు చాలావరకు భయపడి వస్తారు, లేదంటే మహిమలు కోరి వస్తారు. చేతబడి తీస్తావా, విడిపోయినవాణ్ణి ఫలానా తేదీకల్లా తెచ్చిపెడతావా అని అడుగుతారు. నువ్వు ఏం చెయ్యవో వివరించడానికే సగం సమయం పోతుంది. 13వ కార్డు డెత్‌నూ, 16వ కార్డు టవర్‌నూ పట్టుకుని ఫొటో దిగకు. వాటి అర్థం ముగింపు, మార్పు, కూలడం అని మనకు తెలుసు. కొత్తగా వచ్చిన మనిషికి మాత్రం డెత్ కార్డు మీది అస్థిపంజరం, కూలుతున్న టవరే కనపడతాయి. ఎదురుగా కూర్చుని నెమ్మదిగా చెప్పాల్సిన కార్డులవి.

తీసుకోవడం పెద్ద విద్యేం కాదు. పగటిపూట కిటికీ పక్కన, వెలుతురు ఒక వైపు నుంచి పడేలా కూర్చో. పైన లైటు ఆర్పెయ్, లేకపోతే రెండు రంగుల వెలుగు కలిసి కార్డుల పసుపు కాస్తా నారింజలోకి తిరుగుతుంది. ఫ్లాష్ వద్దు. కార్డులకు నిగారింపు పూత ఉంటే తెల్లటి మెరుపు కొడుతుంది, కార్డును కొద్దిగా కిందికి వంచితే పోతుంది. చెయ్యి చాచి సెల్ఫీ తీసుకుంటే ముక్కు పెద్దదై మొహం లాగినట్టు వస్తుంది కాబట్టి ఎవరినైనా నాలుగడుగులు వెనక్కి నిలబెట్టి వెనక కెమెరాతో తీయించుకో. ప్రొఫైల్ ఫొటో చిన్న గుండ్రంలో కనిపిస్తుంది, అందులో మొహం, భుజాలు చాలు. అక్కడ కార్డు పట్టుకున్నా మరకలాగే ఉంటుంది. నీతోపాటు కార్డులు కూడా నిండుగా కనిపించాల్సినవి మిగతా ఫొటోలు: కార్డులు కలుపుతున్న చేతులు, బల్లమీద పరిచిన మూడు కార్డుల స్ప్రెడ్, ఎదుటివాళ్ల మాట వింటున్నప్పటి నీ కూర్చునే తీరు.

ముందు కెమెరాతో ఇంకో చిక్కుంది. కొన్ని ఫోన్లు బొమ్మను అద్దంలో లాగా తిప్పి దాచుతాయి. హై ప్రీస్టెస్ కార్డులో ఎడమవైపు నల్ల స్తంభం మీద ‘బి’, కుడివైపు తెల్ల స్తంభం మీద ‘జె’ ఉంటాయి కదా. అవి తారుమారైతే తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. మెజీషియన్ కార్డులోని మనిషి కుడిచేత్తో ఎత్తిన దండం ఎడమచేతిలోకి పోతుంది. కార్డుల మీద ఇంత అశ్రద్ధ చేసే మనిషి నా ప్రశ్నను శ్రద్ధగా వింటుందా అనుకుంటారు, అనుకోవడం న్యాయమే.

ఇక నన్ను నిజంగా దిగులుపెట్టే సంగతులకు వస్తాను.

నువ్వు ఇంటి నుంచి, ఒక్కదానివే పనిచేస్తావు. రీడింగ్ నచ్చక కోపం పెంచుకునేవాళ్లుంటారు, నచ్చి మరీ దగ్గరవ్వాలని చూసేవాళ్లూ ఉంటారు. నీ ఇల్లెక్కడో ఇద్దరికీ తెలియకూడదు. ఫొటో పెట్టేముందు నీ మొహాన్ని వదిలేసి అంచులన్నీ పెద్దవి చేసి చూడు. కిటికీ అవతల కనిపించే భవనం, బల్లమీద చిరునామా ఉన్న కవరు, పిల్లల స్కూలు బ్యాగు, మందుల డబ్బా. గాజుగోళంలో గది మొత్తం తలకిందులుగా కనిపిస్తుంది, కళ్లజోడులో నీ ఎదురుగా ఉన్న కంప్యూటర్ తెర కనిపిస్తుంది. దీనికితోడు ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఎక్కడ తీశావో ఆ చోటు ఫొటో ఫైల్లోనే నమోదై ఉంటుంది. పెద్ద సోషల్ మీడియా వేదికలు సాధారణంగా దాన్ని తీసేసే చూపిస్తాయి. నువ్వు ఈమెయిల్‌లో పంపినా, నీ సొంత వెబ్‌సైట్‌లో పెట్టినా మాత్రం అలాగే ఉండిపోవచ్చు. కెమెరా సెట్టింగ్స్‌లో ఇవాళే ఆపెయ్. ఎక్కడికైనా వెళ్లినప్పటి ఫొటోలు తిరిగొచ్చాకే పెట్టు.

రెండోది దొంగ అకౌంట్లు. మన రంగంలో ఇదే పెద్ద బెడద. నీ పేరుకు ఒక చుక్కో గీతో తగిలించి, నీ ఫొటోలే పెట్టి, నీ ఫాలోవర్లకు ‘మీ కోసం కార్డులు ఒక సందేశం చెబుతున్నాయి, వెంటనే మాట్లాడాలి’ అని మెసేజ్ పెడతారు. భయపెట్టి డబ్బు గుంజుతారు. మోసపోయినవాళ్లకు గుర్తుండేది నీ మొహం. ఇందుకని మొహం దాచుకోమని నేను చెప్పను, అకౌంట్ పేరు కనపడేలా పెట్టమంటాను. వాటర్‌మార్క్ మూలన వేస్తే కత్తిరించేస్తారు, భుజం మీదుగానో చేతుల మీదుగానో పల్చగా వెళ్లేలా వెయ్. ‘నేనెవరికీ ముందుగా మెసేజ్ పెట్టను, నాకున్నది ఈ ఒక్క అకౌంటే’ అన్న మాట పేజీ పైన పిన్ చేసి ఉంచు. అప్పుడప్పుడూ వీడియోలో నీ నోటితోనే చెప్పు, నీ గొంతుతో నువ్వే ఆ మాట చెబితే జనానికి బాగా గుర్తుంటుంది.

దొంగ అకౌంట్ తెరిచినవాళ్లు మొదట చేసే పని నిన్ను బ్లాక్ చేయడం. అందువల్ల నీకు అది కనిపించదు. ఎవరైనా చెబితే వేరే వాళ్ల ఫోన్‌లోంచి చూడు. స్క్రీన్‌షాట్లు, ఆ ప్రొఫైల్ లింకు దాచుకుని, ‘నాలా నటిస్తున్నారు’ అన్న కారణం కింద రిపోర్ట్ చెయ్. గుర్తింపు కార్డు అడగొచ్చు, సిద్ధంగా ఉంచుకో. వాళ్లతో వాదనకు దిగకు. నీ ఫాలోవర్లకు మాత్రం అదే రోజు చెప్పు, దాచిపెడితే ఇంకొకరు మోసపోతారు. మధ్యమధ్యలో నీ ఫొటోను గూగుల్ లెన్స్‌లో వేసి ఎక్కడెక్కడ తేలుతోందో కూడా చూసుకో.

ఎదుటివాళ్ల ఫొటోల విషయంలో నేను చాలా కచ్చితం. రీడింగ్ అయిపోగానే ‘మీతో ఒక ఫొటో పెట్టుకోనా’ అని అడగకు. ఆ క్షణంలో మనసు కరిగి ఉంటుంది, కాదనలేరు. రెండు రోజులాగి రాతపూర్వకంగా అడుగు, ఏ ఫొటో, ఎక్కడ పెడతావో చెప్పు, తర్వాత తీసేయమంటే తీసేస్తానని కూడా రాయి. పేర్లు చెరిపేసిన చాట్ స్క్రీన్‌షాట్లు కూడా అడగకుండా పెట్టొద్దు. ఆ మాటల తీరు చూసి ఇంట్లోవాళ్లు గుర్తుపట్టగలరు. నిజమైన క్లయింట్ స్ప్రెడ్ ఫొటోలో పుట్టినతేదీ రాసిన కాగితం పడకుండా చూడు. పిల్లల ఫొటోలు, నీ పిల్లలవైనా సరే, ఈ పనిలోకి తేవద్దు. ప్రేమ రీడింగ్ ప్రచారానికి మీ ఆయన ఫొటో వాడాలన్న ఆలోచన కూడా నాకు నచ్చలేదు. రేపు మీ మధ్య ఏదైనా జరిగితే లోకానికి జవాబు చెప్పాల్సి వస్తుంది.

ఫొటోగ్రాఫర్ చేత తీయించుకుంటే, వ్యాపార ప్రచారానికి వాడుకోవచ్చని రాయించుకో. డబ్బు కట్టినంత మాత్రాన ఆ హక్కు నీకు వచ్చేస్తుందనుకోకు, దేశాన్ని బట్టి చట్టం మారుతుంది. డెక్ సంగతీ అంతే. రైడర్ డెక్ బొమ్మలు గీసిన పమేలా కోల్‌మన్ స్మిత్ 1951లో పోయింది. మరణం తర్వాత 70 ఏళ్ల లెక్క పాటించే దేశాల్లో ఆమె అసలు బొమ్మల హక్కులు 2021తో తీరిపోయాయి. థోత్ అనే మరో టారో డెక్ బొమ్మలు వేసిన ఫ్రీడా హారిస్ పోయింది 1962లో, ఆ లెక్కన వాటి హక్కులు ఇంకా తీరలేదు. కొత్త డెక్‌లకు, పాతవాటికి మళ్లీ రంగులద్ది వేసినవాటికి ప్రచురణకర్తల షరతులుంటాయి. ప్రచారంలో ఒకే కార్డును పెద్దదిగా చూపించాలనుకుంటే ముందు వాళ్లకు రాసి అడుగు. పమేలా దాదాపు ప్రతి కార్డులోనూ తన సంతకం లాంటి చిన్న గుర్తు వేసింది. ఫొటో కత్తిరించేటప్పుడు దాన్ని తీసేయకు, కింద ఆమె పేరు రాయి. డెక్‌ను జనం అచ్చువేసిన రైడర్ పేరుతో, దాన్ని రూపొందింపజేసిన వెయిట్ పేరుతో పిలుచుకుంటూ, 78 బొమ్మలూ గీసిన మనిషిని చాలాకాలం మరిచిపోయారు.

ఎక్కువ ఫొటోలు అక్కర్లేదు. అన్నిచోట్లా ఒకే మొహం ఫొటో, దానికి తోడు మంచివి ఓ నాలుగైదు ఉంటే చాలాకాలం సరిపోతాయి. బట్టలు ఒకే రంగువి వేసుకో, కార్డుల్లో రంగులు ఎటూ ఉన్నాయి. నీకు నచ్చినవి ఏరి, పేజీలో పెట్టకముందు నాకు ఈమెయిల్‌లో అసలు ఫైళ్లే పంపు. వెనక ఏం కనిపిస్తోందో, ఫైల్లో లొకేషన్ ఏమైనా మిగిలిందో చూసి చెబుతాను.

నీ పెద్దమ్మ