బీటెక్కా, సైన్సా? మిర్చి యార్డు నుంచి ఒక తండ్రి ప్రశ్న

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. బీటెక్ వద్దు, సైన్సు చదువుతానంటోంది. సైన్స్ అన్నా టెక్నాలజీ అన్నా ఒకటే కదండీ. ఉద్యోగాలున్న దాంట్లో చేరితే పోలేదా?

జవాబు: ఒకటి కాదండీ. మీ యార్డులో కాయతోనే చెబుతాను.

మిరపకాయ కొరికితే నోరు మండుతుంది. కానీ నోరు నిజంగా కాలదు. మరి ఆ మంట ఎక్కడిది? కాయలోని క్యాప్సైసిన్ అనే ఘాటు పదార్థం మన నరాల్లో వేడిని పసిగట్టే ఒక గ్రాహకానికి (రిసెప్టర్‌కు) అతుక్కుంటుంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికి స్పందించే గ్రాహకం అది. అందుకే నిప్పు తగిలినట్టే మెదడుకు కబురు వెళ్తుంది. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ సంగతి బయటపెట్టింది. 2021లో ఆయనకు, మరో శాస్త్రవేత్తకు కలిపి వైద్యరంగంలో నోబెల్ వచ్చింది. ‘ఎందుకు మండుతుంది’ అన్న ప్రశ్నను వదలకుండా పట్టుకోవడమే సైన్సు.

మీ మిర్చి టిక్కీలు (బస్తాలు) వేసవిలో రంగు పోకుండా కోల్డ్ స్టోరేజీలో ఉంచడం, కాయ నుంచి ఓలియోరెజిన్, అంటే రంగు, ఘాటు ఉండే చిక్కటి సారం తీయడం టెక్నాలజీ. అక్కడ ప్రశ్న ఎలా చేయాలి, ఎంతలో అవుతుంది అని. సైన్సు ముందు, టెక్నాలజీ వెనక అని కూడా అనుకోకండి. క్యాప్సైసిన్ పేరు పుట్టకముందే మన అమ్మమ్మలు కాయలు ఎండబెట్టి, కారం దంచి ఏడాదంతా నిలవ చేశారు. ఇప్పుడేమో అదే క్యాప్సైసిన్‌తో నరాల నొప్పికి పట్టీలు వస్తున్నాయి.

ఇక చదువు. ఐసర్లలో, అంటే సైన్సు చదువుకు, పరిశోధనకు కేంద్రం పెట్టిన సంస్థల్లో, డిగ్రీ, పీజీ కలిపి అయిదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది, తిరుపతి ఐసర్ 2015లో మొదలైంది. ప్రవేశానికి ఐఏటీ (ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్) రాయాలి. ఆపైన పీహెచ్‌డీ అంటే ఇంకో అయిదేళ్లు పట్టవచ్చు, ఆ రోజుల్లో సాధారణంగా ఫెలోషిప్ వస్తుంది. బీటెక్ పిల్లల్లా ఇరవై రెండేళ్లకే జీతం ఆశించకూడదు. మీ టెన్షన్ అదేనని తెలుసు. ఇంటి పరిస్థితి అందుకు ఒప్పుకోకపోతే అమ్మాయితో దాచకుండా చెప్పండి.

ఈఏపీసెట్, ఐఏటీ రెండూ రాయించండి. మీకు దగ్గర్లోనే లాం ఫారం ఉంది, కొత్త మిరప రకాలు తయారయ్యే చోటు. వీలు చూసుకుని, అనుమతి తీసుకుని అమ్మాయిని తీసుకెళ్లండి. తేజ రకం కాయకే అంత ఘాటెందుకని అడుగుతుందా, కాయలు ఇంకా త్వరగా ఎండే డ్రయ్యర్ గురించి అడుగుతుందా గమనించండి. డ్రయ్యరే అడిగితే బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ బీటెక్ కూడా ఉంది, ఆ మాట మళ్లీ మాట్లాడుకుందాం.