నీళ్ళు మానేస్తే మంట పోదు, స్వాతీ

చి.ల.సౌ. స్వాతికి,

పెద్దమ్మ దీవెనలు. మొన్న ఫోనులో నువ్వు గొంతు తగ్గించి చెప్పినది సగం వినబడింది, మిగతా సగం ఊహించుకున్నాను. పక్క గదిలో మీ అత్తగారు ఉన్నారని అర్థమై, ఇలా కాగితం మీద రాస్తున్నాను.

నీకున్నవి రెండు బాధలు. ఒకటికి వెళ్ళినప్పుడల్లా మంట, వెళ్ళివచ్చిన పది నిమిషాలకే మళ్ళీ వెళ్ళాలనిపించడం మొదటిది. దగ్గినా, గట్టిగా నవ్వినా బట్ట తడవడం రెండోది. రెండింటికీ కలిపి నువ్వే ఒక వైద్యం కనిపెట్టావు, నీళ్ళు మానేయడం! కూకట్‌పల్లిలో బయలుదేరి రాయదుర్గం వెళ్ళి, సాయంత్రం ఇల్లు చేరేదాకా అర లీటరు సీసా కూడా ఖాళీ కాదన్నావు. నాకు కోపం వచ్చింది అక్కడే.

ఎందుకంటే నీ వయసులో నేనూ ఇదే నిర్వాకం చేశాను. నర్సుగా చేరిన కొత్త. ఆ నర్సింగ్ హోములో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి గడియ ఉండేది కాదు. డ్యూటీ అంతా బిగబట్టుకునేదాన్ని. రెండుసార్లు మంట వస్తే బార్లీ నీళ్ళతో నెట్టుకొచ్చాను. మూడోసారి వణుకుతో జ్వరం, నడుము పక్కన పొడిచినట్టు నొప్పి, వాంతులు. కిడ్నీకి పాకింది. నలుగురికి సెలైన్ ఎక్కించే నేను వారం రోజులు సెలైన్ కింద పడుకున్నాను.

మంట వస్తే మన ఇళ్ళలో ‘వేడి చేసింది’ అంటారు. సబ్జా, మజ్జిగ, కొబ్బరినీళ్ళు తాగు, హాయిగా ఉంటుంది, కాని క్రిమి చావదు. చాలామందిలో ఆ క్రిమి ఇ.కొలై. పేగుల్లో ఉండేది, మూత్రనాళంలోకి పాకుతుంది. ఆ నాళం మగవాళ్ళకు 20 సెంటీమీటర్ల దాకా ఉంటే మనకు 4 సెంటీమీటర్లే. మనకు ఎక్కువగా రావడానికి ముఖ్య కారణం ఈ కొలత. నువ్వు శుభ్రంగా లేవని కాదు. ఆడవాళ్ళలో సుమారు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. పెళ్ళయ్యాకే మొదలైందని కుమిలిపోకు. కలయిక సమయంలో క్రిములు లోపలికి చేరడం తేలిక, అంతే. అల్లుడి తప్పేమీ లేదు. ఆ తర్వాత లేచి ఒకటికి వెళ్ళి రా. కడుక్కునేటప్పుడు చెయ్యి ముందు నుంచి వెనక్కి వెళ్ళాలి. టీవీలో చూపించే సువాసన ద్రావణాలు మాత్రం కొనకు.

మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు మూడు వేసుకోగానే తగ్గిందని ఆపేశావట, నెల తిరగకుండానే మళ్ళీ వచ్చిందట. ఆ మాత్రకు లొంగని క్రిములు మన దేశంలో ఇప్పుడు చాలా ఉన్నాయి. ఈసారి మందు మొదలుపెట్టకముందే డాక్టరును అడిగి మూత్రం కల్చర్ పరీక్ష చేయించు. మొదటి ధార వదిలేసి మధ్య ధార పట్టి, వెంటనే ల్యాబుకు ఇవ్వాలి. రెండు మూడు రోజుల్లో ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది. రాసిన మందు చివరి మాత్ర దాకా వేసుకో. నైట్రోఫ్యూరాంటోయిన్ రాస్తే అన్నం తిన్నాక వేసుకో, మూత్రం గోధుమ రంగుకు తిరిగినా కంగారు పడకు. నెల తప్పి ఉంటే ఆ మాట ముందు డాక్టరుకు చెప్పు, మీ అత్తగారికి తర్వాత చెప్పవచ్చు. గర్భిణికి కొన్ని మందులు పనికిరావు, క్రిమి ఉంటే మంట లేకపోయినా వైద్యం కావాలి. జ్వరం, వణుకు, నడుము పక్కన నొప్పి కనిపిస్తే రేపటిదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళు.

ఇక నీళ్ళు. రోజుకు లీటరున్నర లోపే తాగుతూ మాటిమాటికీ ఈ మంట తెచ్చుకునే స్త్రీలతో మరో లీటరున్నర అదనంగా తాగించి ఏడాదిపాటు చూశారు. ఇన్‌ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి. 2018లో వచ్చిన ఫలితం అది. నువ్వు సరిగ్గా ఆ కోవలోనే ఉన్నావు. మూడు గంటలకోసారి లేచి వెళ్ళు. మీటింగు మధ్యలో లేస్తే ఏమనుకుంటారో అంటావేమో, అనుకోనీ. దారిలో అమీర్‌పేటలో రైలు మారతావు కదా, అక్కడా ఒక ఐదు నిమిషాలు ఆగవచ్చు.

తడి సంగతి మంట తగ్గాకే తేలుతుంది. ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు మూత్రాశయం చిరాకుపడి, తలుపు దాకా వెళ్ళేలోపే కారిపోవచ్చు. మందుతో అది పోతుంది. ఆ తర్వాత కూడా దగ్గినప్పుడు, తాడాట ఆడినప్పుడు తడిస్తే కింది కండరాలు బలహీనంగా ఉన్నట్టు. కాన్పులు కాని ఆడపిల్లలకూ ఇది వస్తుంది, ముఖ్యంగా ఎగిరే దూకే వ్యాయామాలు చేసేవాళ్ళకు. ఆర్నాల్డ్ కీగెల్ అనే వైద్యుడు 1948లో చెప్పిన వ్యాయామం దీనికి ఇప్పటికీ మొదటి వైద్యం. నలుగురిలో ఉన్నప్పుడు గాలి వదలకుండా ఆపుకుంటాం చూడు, అలా లోపలికి బిగించు. కడుపు, తొడలు బిగుసుకోకూడదు, ఊపిరి ఆపకూడదు. మొదట మూడు నాలుగు లెక్కపెట్టే వరకు, అలవాటయ్యాక పది దాకా. ఒక్కో విడతకు పదిసార్లు, రోజుకు మూడు విడతలు. మెట్రోలో నిలబడి చేసినా ఎవరికీ తెలియదు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి సాధన చేయమని ఎవరైనా చెబితే వినకు, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు.

మూడు నెలలకు గాని గుణం తెలియదు. అప్పటికీ తడుస్తుంటే నిమ్స్‌కో, ఉస్మానియాకో వెళ్ళి యూరాలజీ వాళ్ళకు చూపిద్దాం, నేనూ వస్తాను. మలబద్ధకం ఉంటే అది కూడా కింది కండరాలను నొక్కేస్తుంది, కాబట్టి ఆకుకూర తిను. ఆఫీసులో నాలుగు ఇరానీ చాయ్‌లు తాగుతానన్నావు. ఒకటి చాలు, కెఫీన్‌తో ఒకటికి పరిగెత్తాల్సిన తొందర ఇంకా పెరుగుతుంది.

కల్చర్ రిపోర్టు రాగానే ఫొటో తీసి పంపు. అక్షరాలు స్పష్టంగా పడేలా తియ్యి, కిందటిసారి పంపిన రక్తపరీక్షలో నీ బొటనవేలు తప్ప ఏమీ కనబడలేదు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ
మలక్‌పేట