డబ్లిన్‌లో ఎత్తైన భవనాలు ఎందుకు తక్కువ?

చట్టమే కారణమని చాలామంది అనుకుంటారు. 2018లో ఐర్లండ్ ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాలతో స్థానిక ప్రణాళికల్లోని ఎత్తు పరిమితులు సడలిపోయాయి. అయినా 16 అంతస్తుల లిబర్టీ హాల్ ఇప్పటికీ నగర కేంద్రంలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

నా దృష్టిలో అసలు కారణం గత అనుభవాలే. 1960లలో విద్యుత్ సంస్థ కార్యాలయం కోసం ఫిట్జ్‌విలియం వీధిలో 16 జార్జియన్ (18వ శతాబ్దపు బ్రిటిష్ శైలి) ఇళ్లను కూల్చేశారు. అంత పొడవైన, ఏకరీతి ఇళ్ల వరుస మధ్యలో తెగిపోయింది. ఆ గాయం ఇంకా మానలేదు. అదే దశాబ్దంలో డబ్లిన్ శివారు బాలిమన్‌లో 15 అంతస్తుల టవర్లు ఏడు కట్టారు. దుకాణాలు, పార్కులు, సరైన నిర్వహణ లేక అవి పేదరికానికి గుర్తుగా మిగిలాయి, చివరికి నేలమట్టమయ్యాయి. తప్పు ఎత్తుది కాదు, సౌకర్యాలు మరిచిన ప్రణాళికది. కానీ ప్రజల మనసులో టవర్ అంటేనే భయం నాటుకుపోయింది.

ఇళ్ల కొరత ఇంత తీవ్రంగా ఉన్న నగరానికి ఆకాశహర్మ్యాలే అక్కర్లేదు. ట్రామ్ మార్గాల వెంట ఆరేడు అంతస్తుల అపార్ట్‌మెంట్లు విరివిగా కడితే, జార్జియన్ వీధుల జోలికి వెళ్లకుండానే వేలమందికి చోటు దొరుకుతుంది.