త్రివిధ దళాలు, పౌర సంస్థలు కలిసి సరఫరా ప్రణాళిక వేస్తే లెక్క ఎక్కడ తప్పుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: సైన్యం, నౌకాదళం, వైమానిక దళం, వీటితో కలిసి పనిచేసే ఆరోగ్య, విపత్తు సహాయ సంస్థలు, ఒకటి రెండు మిత్రదేశాల దళాలు. అందరి స్టాకు జాబితాలూ ఒకచోట చేర్చారు. రాబోయే పది పదిహేనేళ్లకు ఉమ్మడి ప్రణాళిక రాయాలి. ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి?

స్టాకు జాబితాను కొన్నాళ్లు పక్కన పెట్టండి. దాని బదులు సరుకు చేతులు మారే చోట్ల జాబితా రాయండి. ఓడ నుంచి రేవుకు, రేవు నుంచి రైలుకు, రైలు నుంచి లారీకి, సైనిక లారీ నుంచి పౌర సంస్థ గోదాముకు, ఒక దేశం దళం నుంచి ఇంకో దేశం దళానికి. ఉమ్మడి ప్రణాళికలు దెబ్బతినేది గోదాములో సరుకు లేక కాదు, చాలావరకు ఈ మలుపుల దగ్గరే. ఎందుకంటే తన లోపలి లెక్క ప్రతి సంస్థా బాగానే వేసుకుంటుంది. రెండు సంస్థల మధ్య ఉన్న పదిహేను మీటర్ల కాంక్రీటు మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు.

ప్రతి చోటుకూ ఒక పేజీ చాలు. దించుకున్నట్టు సంతకం ఎవరిది, ఎత్తే యంత్రాలు ఎన్ని, ఒక్కోటి ఎన్ని టన్నులు ఎత్తుతుంది, గంటకు ఎన్ని కంటైనర్లు కదులుతాయి, దించిన సరుకు ఎక్కడ ఆగుతుంది, నెట్‌వర్క్ పోతే ఏ కాగితం నడుస్తుంది. ఎత్తే బరువు దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్తపడండి. నిండిన 20 అడుగుల కంటైనర్ 24 టన్నులు దాటవచ్చు. వెళ్లే చోట 5 టన్నుల ఫోర్క్‌లిఫ్ట్ మాత్రమే ఉంటే ఆ కంటైనర్‌ను లారీ మీదే తెరిచి చేతులతో ఖాళీ చేయాలి. సైనిక సరుకు విమానాలకు వాడే 463ఎల్ ప్యాలెట్ (సరుకు పేర్చే పలక) కొలత 88 × 108 అంగుళాలు, గరిష్ఠ బరువు 10,000 పౌండ్లు, అంటే సుమారు 4,500 కిలోలు. కంటైనర్‌లో వచ్చిన సరుకు విమానం ఎక్కాలంటే మళ్లీ ఈ ప్యాలెట్ మీద పేర్చి వల బిగించాలి. ఆ పనికి మనుషులు, వలలు, చోటు ఎవరు ఇస్తారో ముందే రాసుకోకపోతే రన్‌వే పక్కన సరుకు పేరుకుపోతుంది.

ఇక అసలు జబ్బు: ఒకే వనరును ముగ్గురు నలుగురు తమ ఖాతాలో రాసుకోవడం. సైన్యం ప్రణాళికలో ఒక రేవు ఉంటుంది, నౌకాదళం ప్రణాళికలోనూ అదే రేవు, సహాయ సంస్థ ప్రణాళికలోనూ అదే. ప్రైవేటు లారీ కాంట్రాక్టరు అందరికీ ఒప్పందం రాసిచ్చి ఉంటాడు, లారీలు మాత్రం అవే. ఒక్కో ప్రణాళికను విడిగా చూస్తే తప్పు కనబడదు. 2010 జనవరిలో హైతీ భూకంపం తర్వాత పోర్టోప్రిన్స్ విమానాశ్రయంలో జరిగింది ఇదే. ఒక్క రన్‌వే, కొద్దిపాటి పార్కింగు. సైనిక విమానాలు, సహాయ విమానాలు, వైద్య బృందాలు అన్నీ అక్కడికే వచ్చాయి. దిగే సమయాలను స్లాట్లుగా పంచాల్సి వచ్చింది, కొన్ని వైద్య విమానాలు వేరే చోటికి మళ్లాయి. అందుకే రేవులు, రన్‌వేలు, వంతెనలు, కోల్డ్ స్టోరేజీలు, కాంట్రాక్టర్లు, వీటిలో పంచుకునే ప్రతిదానికీ ఒకే పట్టిక పెట్టండి. అడ్డంగా రోజులు, నిలువుగా సంస్థలు, గడిలో టన్నులు. ఏ రోజు మొత్తం సామర్థ్యాన్ని దాటుతుందో ఆ పట్టికే చెబుతుంది. నా ఉద్దేశంలో ఉమ్మడి ప్రణాళిక మొత్తంలో విలువైన కాగితం ఇదొక్కటే.

చేతులు మారే చోట ఆలస్యం ఎంత ఖరీదో లారీల లెక్కలో చూడండి. రోజుకు 200 టన్నులు, 150 కిలోమీటర్ల దూరం, 10 టన్నుల లారీలు అనుకుందాం. కాన్వాయ్ సగటు వేగం గంటకు 25 కిలోమీటర్లు. వెళ్లడానికి 6 గంటలు, రావడానికి 6, ఎక్కించడానికి 2, దించడానికి 2, మొత్తం 16 గంటలు. ఇద్దరు డ్రైవర్లుంటే రోజుకు ఒక ట్రిప్పు. 20 లోడ్లకు 20 లారీలు. నూటికి 80 మాత్రమే నడిచే స్థితిలో ఉంటాయి కాబట్టి 25 కావాలి. ఇప్పుడు దించే చోట నిరీక్షణ 2 గంటల నుంచి 10 గంటలకు పెరిగిందనుకోండి. చుట్టు 24 గంటలైంది. డ్రైవర్ల విశ్రాంతికి, బండి తనిఖీకి సమయం మిగల్లేదు, లారీ రోజు విడిచి రోజే నడుస్తుంది. కావలసిన లారీలు 50. దూరం పెరగలేదు, సరుకు పెరగలేదు. ఒక క్రేను, ఒక సంతకం కరువైనందుకు 25 లారీలు అదనం. కొత్త లారీలు కొనాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు ముందు ఈ నిరీక్షణ గంటలు అడగండి.

రిజర్వు స్టాకు విషయంలోనూ ఇంతే. ఒక వస్తువు రోజు వాడకం సగటున 10, దాని ప్రమాణ విచలనం (సగటు నుంచి ఎంత అటూ ఇటూ ఊగుతుందో చెప్పే కొలత) 4, సరుకు రావడానికి 30 రోజులు. వచ్చే సమయం కచ్చితంగా 30 రోజులే అయితే 95 శాతం భరోసాకు అదనపు నిల్వ 36 చాలు. ఆ 30 రోజుల్లో ప్రమాణ విచలనం 10 రోజులుంటే నిల్వ 169కి ఎగబాకుతుంది. దాన్ని 5 రోజులకు తగ్గిస్తే 90కి దిగుతుంది. సూత్రం మామూలుదే: సమయాన్ని వాడకపు విచలన వర్గంతో గుణించి, దానికి సగటు వాడకపు వర్గాన్ని సమయపు విచలన వర్గంతో గుణించి కలపాలి, వర్గమూలం తీసి 1.65తో గుణించాలి. వాడకం అంచనాల మీద ఏళ్ల తరబడి వాదించుకుంటారు, రాక సమయం ఎంత ఊగుతోందో ఎవరూ కొలవరు. ముందు అది కొలవండి. అరుదుగా వాడే విడిభాగాలకు ఈ సూత్రం పనికిరాదు. ఏడాదికి రెండు మూడుసార్లు మాత్రమే అడిగే వస్తువుకు సగటు అబద్ధం చెబుతుంది. అక్కడ 1972 నాటి క్రోస్టన్ పద్ధతిలాగా, అడిగే విరామాన్నీ అడిగిన పరిమాణాన్నీ విడివిడిగా అంచనా కట్టాలి. శాంతికాలపు వాడకాన్ని యుద్ధకాలానికి ఏదో ఒక గుణకంతో పెంచేయడం ఇంకా పెద్ద పొరపాటు. రెండు కాలాల్లో పాడయ్యే భాగాలే వేరు.

మందుగుండు దగ్గర కాస్త ఆగాలి. ప్రణాళికల్లో 155 మి.మీ. ఫిరంగికి ‘ఇన్ని షెల్స్’ అని రాస్తారు. ఒక్క రౌండు పేలాలంటే షెల్, దాన్ని పేల్చే ఫ్యూజు, దాన్ని ముందుకు తోసే ప్రొపెల్లెంట్ ఛార్జి, ఆ ఛార్జిని అంటించే ప్రైమర్ నాలుగూ కావాలి. నాలుగూ వేర్వేరు పెట్టెల్లో, తరచూ వేర్వేరు ఫ్యాక్టరీల నుంచి వస్తాయి. ఫ్యూజులు రెండో ఓడలో ఉండిపోతే మొదటి ఓడలో వచ్చింది ఉక్కు మాత్రమే. కాబట్టి లెక్క ‘పూర్తి రౌండ్ల’లో ఉండాలి, నాలుగింటిలో ఏది తక్కువుంటే అదే మీ స్టాకు. బరువు కూడా చూసుకోండి. 6 ఫిరంగుల బ్యాటరీ ఒక్కో ఫిరంగికి రోజుకు 100 చొప్పున కాలిస్తే 600 షెల్స్. ప్యాలెట్‌కు 8 చొప్పున 75 ప్యాలెట్లు, ఒక్కోటి 45 కిలోల లెక్కన షెల్స్ బరువే 27 టన్నులు. ఛార్జీలు, ప్యాకింగు దీనికి అదనం. మిత్రదేశం షెల్ మన ఫిరంగిలో దూరుతుంది కాబట్టి వాడుకోవచ్చు అనుకోకండి. కొన్ని నాటో దేశాల మధ్య 52 క్యాలిబర్ (గొట్టం పొడవు దాని లోపలి వ్యాసానికి 52 రెట్లు) ఫిరంగులకు, ఛార్జి ఉంచే ఛాంబర్ 23 లీటర్ల కొలతతో ఉమ్మడి ఒప్పందం ఉంది. అయినా ఏ షెల్, ఏ ఛార్జి, ఏ ఫిరంగి జోడీకి భద్రతా పరీక్ష, ఫైరింగ్ టేబుల్ (ఏ కోణంలో కాలిస్తే ఎంత దూరం పడుతుందో చెప్పే పట్టిక) ఉన్నాయో జోడీ జోడీగా రాసుకోవాల్సిందే.

నిల్వ చోటు కూడా పంచుకునే వనరే. మొత్తం ఒక్కసారిగా పేలే ప్రమాదం ఉన్న 1.1 తరగతి మందుగుండుకు, పెద్ద పరిమాణాల్లో, జనావాసాల నుంచి ఉండాల్సిన దూరం మీటర్లలో 22.2ను నికర పేలుడు పదార్థపు కిలోల ఘనమూలంతో గుణించినంత. 8,000 కిలోలకు 444 మీటర్లు, 64,000 కిలోలకు 888 మీటర్లు. రెండు నిల్వల మధ్య తగినంత ఎడం లేకపోతే రెంటినీ కలిపి ఒకే నిల్వగా లెక్కించాలి. నౌకాదళం తన టార్పెడోలను, వైమానిక దళం తన బాంబులను, సైన్యం తన షెల్స్‌ను ఒకే జెట్టీకి ఒకే వారంలో తెస్తే ఆ జెట్టీ లైసెన్సు పరిమితి దాటిపోతుంది. ఈ లెక్క ఓడ బయల్దేరకముందే తేలాలి.

ఇంధనానికి వస్తే, నేల మీది విమానాలకూ వాహనాలకూ ఎఫ్-34 అనే సైనిక జెట్ ఇంధనం ఒక్కటే వాడాలన్న నాటో విధానం సరఫరాను నిజంగా తేలిక చేసింది. పౌర విమానాశ్రయంలో దొరికే జెట్ ఏ-1లో మంచు గడ్డకట్టకుండా ఆపే, తుప్పు ఆపే, స్థిర విద్యుత్తు తగ్గించే రసాయనాలు కలిపితే ఎఫ్-34 అవుతుంది. మరి ఆ రసాయనాల డ్రమ్ములు, కలిపే పంపు ఎవరి దగ్గర ఉన్నాయి? నౌకలకు ఇది నడవదు. ఎఫ్-34 ఫ్లాష్ పాయింటు, అంటే దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే ఉష్ణోగ్రత, కనీసం 38 డిగ్రీలే, విమానవాహక నౌకలో నిల్వకు 60 డిగ్రీల ఎఫ్-44 కావాలి. ఇంధనం కుదిరినా గొట్టం కొసల బిగింపులు కుదరక ట్యాంకర్లు ఆగిపోవడం చాలా మామూలు. అడాప్టర్ల సెట్టు చవకైన వస్తువే, అందుకే ఎవరి జాబితాలోనూ ఉండదు.

ఇప్పుడు మీ స్టాకు జాబితాను మళ్లీ చేతిలోకి తీసుకోండి. ముందు దాన్ని శుభ్రం చేయాలి. 13 అంకెల నాటో స్టాక్ నంబరులో మొదటి 4 సరఫరా తరగతి, తర్వాతి 2 దేశం, చివరి 7 వస్తువు. ఒకే బేరింగు మూడు దళాల్లో మూడు స్థానిక నంబర్లతో ఉంటే ఒకరి దగ్గర గుట్టగా, ఇంకొకరి దగ్గర కొరతగా కనిపిస్తుంది. దీనికంటే ప్రమాదకరమైంది ఇష్యూ యూనిట్. ఒకరి ‘1’ అంటే ఒక వస్తువు, ఇంకొకరి ‘1’ అంటే 50 ఉన్న పెట్టె. వాడకం ఎక్కువున్న 500 వస్తువులకు ఈ రెండూ సరిచేస్తే చాలా ఇబ్బంది తీరుతుంది, మిగతావి నెమ్మదిగా చూసుకోవచ్చు. కంటైనర్ లోపల ఏముందో బయట తెలియడం కూడా ఇందులో భాగమే. 1990-91 గల్ఫ్ యుద్ధానికి అమెరికా పంపిన సుమారు 40,000 కంటైనర్లలో సగానికి పైగా అక్కడ తెరిచి చూసుకోవాల్సి వచ్చింది.

ఎక్కించే వరస గురించి ఒక్కమాట. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటన్ హడావిడిగా నింపిన ఓడల సరుకును దారిలోని అసెన్షన్ ద్వీపం దగ్గర మళ్లీ సర్దుకోవాల్సి వచ్చింది. తర్వాత అట్లాంటిక్ కన్వేయర్ అనే ఒక్క సరుకు ఓడ పోవడంతో 3 చినూక్, 6 వెసెక్స్ హెలికాప్టర్లు, టెంట్లు పోయాయి, దళాలు చాలా దూరం నడవాల్సి వచ్చింది. ఏ ఒక్క ఓడ పోయినా ఏ సామర్థ్యమూ పూర్తిగా పోకుండా పంచి ఎక్కించండి. స్థలం కొంత వృథా అవుతుంది, కానివ్వండి.

మిత్రదేశాలతో పరస్పర సహాయ ఒప్పందం ఉంటే సరిపోదు. తీసుకున్నదాన్ని డబ్బుగా, అదే వస్తువుగా, సమాన విలువ గల వేరే వస్తువుగా, ఈ మూడు రకాలుగా తీర్చవచ్చు. ఏ వస్తువుకు ఏ పద్ధతి, ధర ఎంత, ఎంత మొత్తం వరకు ఏ హోదా అధికారి సంతకం చెల్లుతుంది, ఇవి ముందే అనుబంధంలో ఉండాలి. లేకపోతే అర్ధరాత్రి ట్యాంకరు ఎదురుగా ఉన్నా వాల్వు తిప్పే అధికారం ఎవరికీ ఉండదు. మానవతా సంస్థలతో తీరు వేరు. విపత్తు సహాయంలో సైనిక వనరుల వాడకంపై ఉన్న అంతర్జాతీయ ఓస్లో మార్గదర్శకాల ప్రకారం సైనిక వనరులు చివరి ప్రత్యామ్నాయం. తటస్థంగా కనిపించడం వాళ్ల ప్రాణరక్షణ. వాళ్ల గోదాములను, లారీలను మీ సామర్థ్యంలో ఎప్పుడూ కలపకండి. రోడ్ల స్థితి, వంతెనల భారం, రేవు స్లాట్లు వాళ్లతో పంచుకోండి, లబ్ధిదారుల జాబితాలు మాత్రం అడగకండి. రక్తం, టీకాల విషయంలో ఆరోగ్య శాఖతో గంటల స్థాయిలో లెక్క ఉండాలి. ఎర్రకణాలు 2-6 డిగ్రీల దగ్గర సుమారు 42 రోజులు ఆగుతాయి, ప్లేట్‌లెట్లు సాధారణంగా 5 రోజులే.

పది పదిహేనేళ్ల దూరం చూపు అంటే ఒకే భవిష్యత్తును ఊహించడం కాదు. మూడు నాలుగు పరిస్థితులు రాసి, అన్నింటిలోనూ ఇరుకయ్యే చోట్లు ఏవో వెతకండి. రైలు సైడింగు (సరుకు ఎక్కించి దించే పక్క పట్టాలు), పేలుడు పదార్థాల గోదాము, బలమైన వంతెన, వీటికి ఏళ్లు పడతాయి కాబట్టి వాటి నిర్ణయాలు ముందు. ఫ్యాక్టరీ కూడా చేతులు మారే చోటే. 2022కు ముందు అమెరికా 155 మి.మీ. షెల్స్ ఉత్పత్తి నెలకు సుమారు 14,000. దాన్ని లక్షకు పెంచాలని పెట్టుకున్న లక్ష్యం వైపు కదలడానికి ఏళ్లు పట్టింది. ప్రొపెల్లెంట్‌కు కావలసిన నైట్రోసెల్యులోజ్ కోసం పత్తి లింటర్లు (గింజకు అంటుకుని ఉండే పొట్టి నూగు) దొరకాలి, అది తయారుచేసే ప్లాంట్లు కొన్నే. మీరూ మీ మిత్రదేశమూ ‘అవసరమైతే ఫలానా ప్లాంటు పెంచుతుంది’ అని రాసుకుంటే అది ఒకే రేవును అందరూ తమ ఖాతాలో రాసుకున్న లెక్కలాంటిదే. సరఫరాదారుడి సరఫరాదారుడి వరకు, కనీసం మూడు మెట్లు కిందికి వెళ్లి అడగండి.

చివరగా, పరీక్ష. టేబుల్ మీద కాకుండా 20 నిజమైన కంటైనర్లను నాలుగు సంస్థల గుండా నడపండి. ప్రతి మలుపులో చేరిన సమయం, వదిలిన సమయం చేత్తో రాయించండి. మధ్యలో 72 గంటలు నెట్‌వర్క్ ఆపేయండి. ఆ వేళ అడగకుండానే పంపాల్సిన సరుకు, అంటే మొదటి కొన్ని రోజుల తిండి, నీళ్లు, ఇంధనం, మందుగుండు, ముందే తీసుకున్న నిర్ణయం ప్రకారం కదులుతోందో లేదో చూడండి. ఫలితాల్లో సగటును వదిలేసి, ఇరవైలో ఆఖరున వచ్చిన కంటైనర్ ఎక్కడ, ఎవరి సంతకం కోసం ఆగిందో ముందు చూడండి.