తలకట్టు దగ్గర ఖాళీ

అమ్మలూ,

వాలు నేలలో మీ అమ్మ పేరు మొక్కలతో రాస్తున్నావని, పైనుంచి చూస్తే చదవగలిగేలా వేస్తావని మీ తమ్ముడు చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక పక్క గర్వం, ఒక పక్క గుబులు. నాకు ముందే చెప్పలేదని కోపం కూడా ఉంది, ఆ సంగతి తర్వాత చూస్తాను.

మామూలు పనులు నీకు తెలిసినవే. గళ్ల కాగితం మీద గీసుకో, గడికి ఎన్ని మూరలో లెక్క వేసుకో, మేకులు కొట్టి తాడు కట్టి సున్నం చల్లు. మూలమట్టం చూడటానికి 3, 4, 5 కొలతల త్రికోణం చాలు. నైలాన్ తాడు వద్దు, లాగితే సాగుతుంది.

నేలను మాత్రం గీరకు. పెరూలో నేలను గీరి వేసిన పెద్ద బొమ్మలు, నాజ్కా గీతలు, రెండు వేల ఏళ్లుగా నిలిచాయంటే అక్కడ వాన దాదాపు పడదు కాబట్టి. పైనున్న ముదురు రాళ్లు తీసేస్తే కింద లేత రంగు నేల బయటపడింది, అది అలాగే ఉండిపోయింది. నీది వాన పడే వాలు. నిలువు గీతను తవ్వి వదిలితే అది మొదటి పెద్ద వానకే కాలువ అయిపోతుంది. కొట్టుకుపోయిన మట్టిని నువ్వూ నేనూ మోసుకు రాలేం. అక్షరమూ మొక్కలతోనే ఉండాలి, చుట్టూ ఉన్నదీ మొక్కలే కావాలి. ఒకటి ముదురాకు, ఒకటి లేతాకు.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. మీ అమ్మ నీకు చెప్పే ఉంటుంది, కానీ తన వంతు వదిలేసి చెప్పి ఉంటుంది.

నాకు ఇరవై రెండేళ్లు, దానికి పన్నెండు. పొలంలో ‘పంట’ అని రాయాలని నా పట్టుదల. ఒక్కో గీత బార వెడల్పు. ‘ప’ తలకట్టు ఒంటికి తగలకుండా విడిగా ఉంటుంది కదా, అక్కడ మూరెడు ఖాళీ వదిలాను. కాగితం మీద అది బాగానే ఉంది. జానకొక మొక్క చొప్పున పాకే రకం నాటాను. మూడో వారంలో మీ అమ్మ గుట్టెక్కి చూసి పరిగెత్తుకుంటూ వచ్చింది. ‘అక్కా, తలకట్టు అంటుకుంటోంది, ‘వంట’లా ఉంది’ అంది. నేను దాని మీద అరిచాను. నీకింకా అక్షరాలు రావు, పో అన్నాను. నేలమీద నిలబడి చూస్తే నాకు ఖాళీ కనిపిస్తోంది మరి. ఇంకో నెల నీళ్లు పోశాను. నేను గుట్టెక్కేసరికి మొక్కలు రెండు వైపుల నుంచీ పాకి కలిసిపోయాయి. కింద వేళ్లు పెనవేసుకున్నాయి. ఒకటి పీకితే పక్కది వస్తోంది, ఆ పక్కనున్న తలకట్టూ ఊడొస్తోంది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా ‘వంట’ అనే చదివారు. మీ అమ్మ మాత్రం నా పక్కన నిలబడి ‘పంటే అక్కా, నాకు పంటే కనిపిస్తోంది’ అంది. పన్నెండేళ్ల పిల్ల. దానికి క్షమాపణ చెప్పడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

మీ అమ్మ పేరులో ప, వ పక్కపక్కనే ఉన్నాయి. అందుకే నా గుండె దడ. నాటేనాటి కొలతకు ఖాళీ వదలకు, ఎదిగినప్పటి కొలతకు వదులు. గీత ఎంత వెడల్పో ఖాళీ కూడా అంత ఉండాలి. నాటినప్పుడు అక్షరం బక్కగా, విరిగినట్టు కనిపిస్తుంది. కనిపించనీ. పాకే రకం వద్దు, కుదురుగా పెరిగేది చూసుకో.

చూసేవాళ్లు ఎక్కడ నిలబడతారో ముందే తేల్చుకో. జపాన్‌లో ఇనకదాటే ఊళ్లో 1993 నుంచి రంగురంగుల ఆకుల వరి రకాలతో పొలాల్లో బొమ్మలు వేస్తున్నారు. 2003లో వేసిన మోనాలిసా పైనుంచి చూస్తే కింది భాగం లావుగా కనిపించింది. ఏటవాలుగా చూసే కంటికి దూరపు భాగం నొక్కుకుపోతుంది. ఆ తర్వాత దూరపు వైపు సాగదీసి గీయడం నేర్చుకున్నారు. నువ్వు గట్టు మీద నుంచి చూపిస్తావా, డ్రోన్‌తో నేరుగా పైనుంచా? రెండింటికీ ఒకే గీత కుదరదు.

కలుపు సంగతి చెబితే నీకు విసుగు, అయినా విను. ఇంగ్లండులో కొండ వాలు మీద గీసిన అఫింగ్టన్ తెల్ల గుర్రం బొమ్మకు దాదాపు మూడు వేల ఏళ్లు. కందకాల్లో సుద్ద కొట్టి నింపిందే ఆ గుర్రం. తరతరాలుగా ఎవరో ఒకరు గడ్డి పీకి కొత్త సుద్ద కొడుతూ వచ్చారు కాబట్టే మిగిలింది. నీ పేరుకు ఆ మనిషివి నువ్వే. ఊరెళితే ఎవరు పీకుతారో ఇప్పుడే మాట్లాడుకో.

అర్జెంటీనాలో ఒక రైతు చనిపోయిన భార్య కోసం ఏడు వేలకు పైగా చెట్లతో గిటార్ ఆకారం నాటాడు. ఆమె బతికుండగా అడిగిందట. ఒంటికి సైప్రస్, తీగలకు నీలి ఛాయ ఉన్న యూకలిప్టస్. ఆయనకు విమానమంటే భయం, ఫొటోల్లోనే చూసుకున్నాడు. నీ వయసులో ఇది విని ఉంటే ఎలా ఉండేదో గానీ, ఇప్పుడు తలుచుకుంటే ఏడుపొస్తుంది. నాకూ ఎత్తంటే భయమే. మూడో వారం ఫొటో తీసి పంపు, ఆ తర్వాత వారం వారం పంపు. నీ కొడుకు పైనుంచి చూసి ఏదైనా తేడాగా ఉందంటే, వాడి మాట విను.

వచ్చే వారం బయల్దేరుతున్నాను. మిగతా మేకులన్నీ కొట్టుకో, ‘ప’ తలకట్టు దగ్గర మేకు మాత్రం నేనొచ్చేదాకా ఆపు.

మీ పెద్దమ్మ