దేవరకొండ తండాల్లో గర్భిణుల యాప్ ఎక్కడ మొదలుపెట్టాలి?

దేవరకొండ వైపు తండాల్లో గర్భిణులు, పిల్లల టీకాల వివరాలకు యాప్ చేస్తున్నామని, ముందు డాష్‌బోర్డు చేయాలా ఫారం చేయాలా అని అడిగారు. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో కొన్నేళ్లు ఇదే పని చేశాను. నన్నడిగితే ముందు డ్యూ లిస్ట్, అంటే ఎవరికి ఎప్పుడు ఏ టీకా వేయాలో చెప్పే జాబితా చేయండి.

బుధ, శనివారాలు టీకాల రోజులు. ముందురోజు సాయంత్రం ఏఎన్ఎంకు (సబ్‌సెంటర్‌లో టీకాలు వేసే నర్సు) కావలసింది రేపు ఎవరు రావాలి, ఏ టీకాకు, ఏ తండా నుంచి అన్నదే. 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు ఒకే టీకా), 9 నెలలు నిండాక ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా). పుట్టిన తేదీ సరిగా ఎక్కితే చాలు, ఈ జాబితా యాప్ తీసిస్తుంది. అది తన పని తగ్గిస్తోందని తెలిస్తే ఏఎన్ఎం ఎవరూ అడగకుండానే వివరాలు నింపుతుంది. పైవాళ్ల రిపోర్టు కోసమే అయితే నెలాఖరున కూర్చుని రిజిస్టర్ చూసి అన్నీ ఒకేసారి కొడుతుంది. అందులో ఆమె తప్పేం లేదండి. పొద్దంతా ఎండలో తిరిగి, రాసిందే మళ్లీ ట్యాబ్‌లో కొట్టమంటే ఎవరైనా అంతే.

ఎక్కువ టైం మాత్రం మనిషిని గుర్తుపట్టే దగ్గర పెట్టండి. మన దగ్గర తొలిచూలు కాన్పు పుట్టింట్లోనే కదా. అమ్మాయి అత్తగారి ఊళ్లో నమోదవుతుంది, ఏడో నెలలో పుట్టింటికి వెళ్తుంది, అక్కడ మళ్లీ కొత్తగా నమోదు చేస్తారు. లెక్కలో ఇద్దరు గర్భిణులు, కాన్పు ఒక్కటే. అత్తగారి ఊళ్లో హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువ, అంటే తీవ్రమైన రక్తహీనత వచ్చిన సంగతి పుట్టింటి దగ్గరి ఏఎన్ఎంకు తెలియదు. నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఇదే. అందుకే అత్తగారి ఊరు, పుట్టిల్లు, ఇప్పుడున్న చోటు మూడూ అడగండి. ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు), ఆర్‌సీహెచ్ ఐడీ (గర్భిణికి ప్రభుత్వ రికార్డులో ఇచ్చే నంబరు) చూసి నమోదు చేయండి. ఫోన్ నంబరుతో వెతికితే దొరకకపోవచ్చు, అది చాలాసార్లు భర్తది, ఆయనేమో పనికి హైదరాబాద్‌లోనో పుణెలోనో ఉంటాడు. కుటుంబమే వలస వెళ్తే పేరు తీసేయకండి. "వలస" అని గుర్తు పెడితే పండక్కి తిరిగొచ్చినప్పుడు ఆ బిడ్డ మళ్లీ జాబితాలో కనపడాలి.

ఊళ్ల పట్టికలోనూ జాగ్రత్త. 2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నాలుగు జిల్లాలైంది, 2019లో నారాయణపేట కూడా విడిపోయింది. నల్లగొండ మూడైంది. 2018లో చాలా తండాలు పంచాయతీలయ్యాయి. ప్రతి రికార్డులో జిల్లా పేరు రాసుకుంటూ పోతే పాత లెక్కలతో కొత్తవి కలవవు. ఊరికి ఎప్పటికీ మారని కోడ్ ఒకటిచ్చి, మండలం, జిల్లా వేరే పట్టికలో తేదీలతో పెట్టుకోండి.

చందంపేట వైపు సిగ్నల్ నమ్ముకోవద్దు, నెట్ లేకున్నా ఎంట్రీ సేవ్ కావాలి. సొంతంగా కోడ్ రాసే ముందు ఓస్లో యూనివర్సిటీ వాళ్లు ఆరోగ్య వివరాల నమోదుకు చేసిన డీహెచ్ఐఎస్2 సాఫ్ట్‌వేర్ చూడండి. ఉచితం, నెట్ లేకుండా పనిచేసే ఆండ్రాయిడ్ యాప్ కూడా ఉంది.

మీ సబ్‌సెంటర్ రిజిస్టర్‌లో ఒక పేజీ, పేర్లు, నంబర్లు కనపడకుండా ఫొటో తీసి పెట్టండి. ఏ గడులు తీసేయొచ్చో చూసి చెప్తాను.