కారణం ధర్మమైతే యుద్ధం ధర్మమవుతుందా? 1991 కువైట్ యుద్ధంపై నా జవాబు

ఈ కాలపు యుద్ధాన్ని ఏ మతధర్మం ప్రకారమైనా సమర్థించవచ్చా అని అడిగారు. యుద్ధానికి దిగడాన్ని కొన్నిసార్లు సమర్థించవచ్చు. ఆ యుద్ధం చేసిన తీరును అదే ధర్మంతో సమర్థించడం మాత్రం నేను చూసినంతలో కుదరలేదు. ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలని పెద్ద మతాలన్నీ ఏనాడో ఒప్పుకున్నాయి. శ్లోకమో వాక్యమో చదివి యుద్ధాన్ని సమర్థించేవాళ్లు మొదటి ప్రశ్న దగ్గరే పుస్తకం మూసేస్తారు.

నేను మాట్లాడగలిగింది ఒక్క యుద్ధం గురించే. దాని మూలంగా రోడ్డున పడ్డాను, అది ముగిశాక దాని మూలంగానే మళ్లీ ఉద్యోగంలో చేరాను. 1990 ఆగస్టు 2న ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ సైన్యం కువైట్‌లోకి వచ్చేనాటికి అక్కడ ఒక జమియా (సహకార దుకాణం) గిడ్డంగిలో లెక్కలు రాసేవాణ్ని. హవల్లీలో మా గదిలో నాతో పాటు రాయచోటి ముస్లిం పెద్దాయన ఒకరు, రాజోలు నుంచి వచ్చిన క్రైస్తవ డ్రైవరు ఒకరు ఉండేవారు. పెద్దాయనను మేమిద్దరం మామా అనేవాళ్లం. ఆ నెల తిరగకుండానే ఇరాక్ కువైట్‌ను తన 19వ రాష్ట్రంగా ప్రకటించుకుంది. ఇరాక్ దీనారుకూ కువైట్ దీనారుకూ ఒకటే విలువ అని హుకుం జారీ చేసేసరికి, దాచుకున్న డబ్బు చేతిలో ఉండగానే కరిగిపోయింది. సరుకుల అరలు ఖాళీ అయ్యాయి. మా కఫీల్, అంటే మా వీసాకు పూచీ ఉన్న యజమాని, దేశం విడిచి పోయాడు. బస్రా, బాగ్దాద్ మీదుగా ఎడారి దాటి అమ్మాన్ చేరితే, అక్కడి నుంచి ఎయిర్ ఇండియా విమానాలు బొంబాయికి తెచ్చాయి. అలా సుమారు 1,70,000 మంది భారతీయులు ఇళ్లు చేరారు. అందులో కడప జిల్లావాళ్లు, గోదావరి జిల్లాలవాళ్లు ఎందరో.

దారిలో బాగ్దాద్‌లో ఒక రొట్టెల దుకాణంవాడు కుబూస్‌లు కట్టి ఇచ్చి డబ్బు తీసుకోలేదు. తరువాత బాంబులు పడింది ఆ ఊరిమీదే. నా తీర్పులో ఆ రొట్టెల పక్షపాతం ఉందని మీరనుకుంటే కాదనను.

మొదటి ప్రశ్నకు వద్దాం. యుద్ధానికి దిగడం ఎప్పుడు ధర్మం? 13వ శతాబ్దంలో క్రైస్తవ వేదాంతి థామస్ అక్వినాస్ మూడు షరతులు పెట్టాడు. యుద్ధం ప్రకటించే అధికారం ఉన్నవాడే ప్రకటించాలి, న్యాయమైన కారణం ఉండాలి, మనసులోని ఉద్దేశం కూడా మంచిదై ఉండాలి. వేరే దారులన్నీ మూసుకుపోయాకే అన్న షరతును తరువాతివాళ్లు చేర్చారు. ఆ షరతు మనకు కొత్తది కాదు. ఉద్యోగపర్వమంతా అదే కదా. అయిదూళ్లిచ్చినా చాలు అన్నదాకా దిగివచ్చారు పాండవులు. ఖురాన్‌లో హుజురాత్ అధ్యాయం 9వ వాక్యం, విశ్వాసుల్లో రెండు పక్షాలు పోట్లాడుకుంటే సంధి చేయమని, ఒక పక్షం మరొకదానిపై దౌర్జన్యానికి దిగితే అది దారికి వచ్చేదాకా దానితో పోరాడమని చెబుతుంది. 1990లో అరబ్బు దేశాల్లో అందరి నోటా నలిగిన వాక్యం ఇదే.

మామ ఇంత శాస్త్రం చెప్పేవాడు కాదు. హవల్లీ గదిలో దీపాలార్పి కూర్చున్న ఒక రాత్రి, సద్దాం కూడా ముస్లిమే కదా, అమెరికావాళ్లు వచ్చి అతన్ని కొడితే మీకు బాధ లేదా అని రాజోలు డ్రైవరు అడిగాడు. "పక్కింట్లో పడి దోచుకున్నవాడు నమాజు చేస్తాడని నేను వాడి పక్షాన నిలబడాలా అల్లుడూ?" అన్నాడు మామ. సౌదీ అరేబియాలోని పెద్ద మతపండితులు, విదేశీ సైన్యాల సాయం తీసుకోవచ్చని ఆ ఆగస్టులోనే తీర్పు ఇచ్చారు. అంతవరకు మతాన్ని పెద్దగా పట్టించుకోని బాత్ పార్టీ నాయకుడు సద్దాం, 1991 జనవరిలో తన దేశపు జెండాపై 'అల్లాహు అక్బర్' అని రాయించి జిహాద్ పిలుపునిచ్చాడు. అటువైపు అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్, ఆ నెలాఖరున మత ప్రసారకుల సభలో మాట్లాడుతూ, ఇది క్రైస్తవ యుద్ధమూ ముస్లిం యుద్ధమూ కాదు, న్యాయమైన యుద్ధం అని వాదించాడు. ఆయన సొంత ఎపిస్కోపల్ చర్చి అధిపతి ఎడ్మండ్ బ్రౌనింగ్ యుద్ధం వద్దన్నవారిలో ఉన్నారు. పోప్ రెండో జాన్ పాల్, కువైట్ వదలమని ఇరాక్‌కు ఇచ్చిన గడువు ముగిసే రోజున బుష్‌కూ సద్దాంకూ ఇద్దరికీ ఉత్తరాలు రాశారు. అంటే ముస్లిం పండితులు ఒకవైపు, క్రైస్తవ గురువులు ఒకవైపు అని చీలలేదు. ఏ మతంలో చూసినా రెండు పక్షాలవాళ్లూ ఉన్నారు.

కారణం విషయంలో నాకు సందేహం లేదు. ఒక దేశాన్ని మింగేశారు, భద్రతామండలి 678వ తీర్మానంతో 1991 జనవరి 15 దాకా గడువిచ్చింది, సద్దాం కదల్లేదు, అమెరికా కూటమి యుద్ధానికి దిగింది. అంత స్పష్టమైన కారణం ఉండి కూడా యుద్ధం కోరినవాళ్లు అబద్ధం కలపకుండా ఉండలేకపోయారు. ఇరాకీ సైనికులు ఆసుపత్రిలో పసికందులను ఇంక్యుబేటర్లలోంచి తీసి నేలపై పడేశారని 1990 అక్టోబరులో వాషింగ్టన్‌లో కన్నీళ్లతో చెప్పిన అమ్మాయి, అమెరికాలోని కువైట్ రాయబారి కూతురని 1992లో బయటపడింది. ఆ కథ నిలబడలేదు. కువైట్‌లో నిజంగా జరిగిన హత్యలు, హింసలు చాలవన్నట్టు దాన్ని ఎందుకు కల్పించారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అక్వినాస్ మూడో షరతు ఇలాంటి చోటనే గుర్తొస్తుంది.

ఇక రెండో ప్రశ్న. దిగాక ఎలా పోరాడావు? కురుక్షేత్రంలో మొదటి బాణం పడకముందే ఇరుపక్షాలూ కట్టుబాట్లు చేసుకున్నాయని భీష్మపర్వం చెబుతుంది. సారథిని కొట్టరాదు, ఆయుధాలు మోసేవాణ్ని కొట్టరాదు, శంఖాలూ భేరులూ మోగించేవాళ్ల జోలికి పోరాదు. యుద్ధభూమి మధ్యలో ఉన్నవాళ్లకే అంత రక్షణ. మనుస్మృతి విషం పూసిన బాణాలను నిషేధించింది. సైన్యాన్ని సాగనంపుతూ ముస్లింల మొదటి ఖలీఫా అబూబకర్ పిల్లలను, స్త్రీలను, ముసలివాళ్లను చంపవద్దన్నాడు, పండ్లచెట్లు నరకవద్దన్నాడు. పండ్లచెట్ల మాట యూదుల ద్వితీయోపదేశకాండంలో కూడా ఉంది. ఇన్ని మతాలు చెట్లదాకా ఎందుకు వెళ్లాయో గమనించండి. యుద్ధం ముగిశాక కూడా అక్కడ మనుషులు బతకాలి.

1991 ఫిబ్రవరి 13 తెల్లవారుజామున బాగ్దాద్‌లో జనం బాంబుల నుంచి తలదాచుకునే అమీరియా ఆశ్రయంపై అమెరికా విమానాలు లేజరుతో గురిచూసే బాంబులు రెండు వేశాయి. మొదటిది కాంక్రీటు కప్పుకు కన్నం చేసింది, రెండోది లోపలికి దిగింది. నిద్రపోతున్న 400 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది స్త్రీలూ పిల్లలే. అది సైనిక ఆదేశ కేంద్రమనుకున్నామని అమెరికా చెప్పింది.

ఇది చదివిన తెలుగువాడికి సౌప్తికపర్వం తలపుకు రాకుండా ఉండదు. నిద్రపోతున్నవాళ్లను చంపవద్దని కృపాచార్యుడు వారిస్తే అశ్వత్థామ చెప్పిన సమాధానం, ధర్మపు కట్టను వాళ్లే ముందు తెంచారని. ఈనాడు ఏ దేశపు సైనిక ప్రతినిధి మాట విన్నా దాదాపు ఇదే వినిపిస్తుంది. ఇక్కడ ఒక తేడా ఉంది, దాన్ని దాచిపెట్టి వాదించడం నాకిష్టం లేదు. అశ్వత్థామకు లోపల ఎవరున్నారో తెలుసు, వాళ్లను చంపడానికే వెళ్లాడు. అమెరికా పైలట్లు అలా వెళ్లలేదు. ఉద్దేశించని చావుకూ ఉద్దేశించిన చావుకూ తేడా ఉందని క్రైస్తవ నీతిశాస్త్రం శతాబ్దాలుగా చెబుతోంది, ఆ తేడా సరైనదే. అయితే గోడను చీల్చి లోపలికి వెళ్లగల బాంబు చేతిలో ఉన్నవాడు, లోపల ఎవరున్నారో తెలుసుకోవడానికి కూడా అంత శ్రమా పడాలి కదా. గురి ఎంత కచ్చితమైతే తెలుసుకునే బాధ్యత అంత పెరుగుతుంది. ఆ బాధ్యత తీరలేదు.

పోనీ, అమీరియాను పొరపాటు కింద రాసుకుందాం. విద్యుత్ కేంద్రాలను ఏమనాలి? వాటిని ఎంచి, జాబితా రాసుకుని కొట్టారు. కరెంటు పోతే నీళ్లు శుద్ధిచేసే పంపులు ఆగుతాయి, మురుగు నదిలో కలుస్తుంది, ఆ నీళ్లు తాగిన పసిపిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి. బాంబు పడిన నాడు చావనివాళ్లు ఇలా తరువాతి నెలల్లో చస్తారు. 1991 మార్చిలో ఐక్యరాజ్యసమితి పక్షాన వెళ్లివచ్చిన మార్తి అహ్తిసారి, ఇరాక్ పరిశ్రమలకు ముందరి యుగంలోకి వెళ్లిపోయిందని నివేదికలో రాశారు. అబూబకర్ నాటికి పండ్లచెట్టు ఎలాంటిదో, ఈ కాలపు నగరానికి విద్యుత్ కేంద్రం అలాంటిది. ఇందులో అశ్వత్థామలాంటివాడు ఎవడూ కనబడడు. ఒకడు జాబితా రాస్తాడు, ఒకడు సంతకం పెడతాడు, ఒకడు మీట నొక్కుతాడు, చావు ఆరు నెలల తరువాత ఆసుపత్రిలో నమోదవుతుంది. పాత ధర్మశాస్త్రాలు ఎదురెదురుగా నిలబడిన ఇద్దరు మనుషుల్ని మనసులో పెట్టుకుని రాసినవి. ఈ యంత్రాంగంలో పాపం ఎవరి ఖాతాలో వేయాలో వాటికి తెలియదు.

ఇరాక్ సైన్యం తక్కువ చేసిందని కాదు. పారిపోతూ 600కు పైగా చమురుబావులకు నిప్పుపెట్టింది, ఆఖరుది ఆర్పేసరికి నవంబరు వచ్చింది. 1992లో నేను తిరిగి వెళ్లేసరికి హవల్లీ గోడలకు ఇంకా మసి ఉంది. మా కింది అంతస్తులో ఉండే పాలస్తీనా కుటుంబం లేదు. పాలస్తీనా నాయకుడు యాసర్ అరాఫత్ సద్దాం పక్షం మాట్లాడినందుకు, యుద్ధానికి ముందు అక్కడ బతుకుతున్న మూడు నాలుగు లక్షల పాలస్తీనీయుల్లో చాలామంది దేశం విడవాల్సి వచ్చింది. ఆ ఇంటాయన మా గిడ్డంగిలోనే నాకు పై గుమస్తా. ఆయన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు, జీతం కూడా పెంచారు. మామతో ఆ సంగతి చెప్తే, "యుద్ధం న్యాయమైనదే, ఇది న్యాయం కాదు" అన్నాడు. యుద్ధం వేరు, దాని వెంట వచ్చినవి వేరు అన్నది ఆయన లెక్క. నాకు ఆ రెండూ ఒకే లెక్కలో పడతాయి.

ఈ విషయంలో భారతాన్ని మించి నిక్కచ్చిగా మాట్లాడిన గ్రంథం నాకు కనబడలేదు. పాండవుల పక్షం ధర్మమని చివరిదాకా చెబుతూనే, ద్రోణుడి దగ్గర ఆడిన అబద్ధానికి ధర్మరాజు రథాన్ని నాలుగంగుళాలు కిందికి దించేసింది. అదే అబద్ధానికి చివర ఆయనకు నరకం చూపించింది. శాంతిపర్వం మొదట్లో, గెలిచిన రాజు నాకీ రాజ్యం వద్దు, అడవికి పోతానంటాడు. న్యాయమైన యుద్ధమైనా గెలిచినవాడి మీద బాకీ మిగులుతుందని ఆ కవికి తెలుసు. 1991 జూన్‌లో వాషింగ్టన్‌లో, న్యూయార్క్‌లో విజయోత్సవ ఊరేగింపులు జరిగాయి.

బాకీ అన్నాను కనుక డబ్బు సంగతి కూడా చెప్పాలి. యుద్ధం వల్ల నష్టపోయినవాళ్లకు ఇరాక్ చెల్లించాలని తేల్చి, భద్రతామండలి జెనీవాలో ఒక పరిహార కమిషన్ పెట్టింది. ఇరాక్ అమ్మే చమురు రాబడిలో మొదట 30 శాతం అందుకు తీశారు. కువైట్ వదిలిపోయిన మాలాంటివాళ్లకు మనిషికి 2,500 డాలర్లో 4,000 డాలర్లో వచ్చాయి. నాకూ వచ్చింది, తీసుకున్నాను. పోయింది నా కష్టార్జితమే కనుక తప్పనుకోలేదు. చెల్లింపులు 2022 దాకా సాగాయి, మొత్తం 5,240 కోట్ల డాలర్లు. అమీరియాలో తమవాళ్లను పోగొట్టుకున్న కొన్ని ఇరాకీ కుటుంబాలు 2003లో బెల్జియం కోర్టుకు వెళ్లాయి, ఎందుకంటే ఎక్కడ జరిగిన యుద్ధనేరాన్నైనా అక్కడ విచారించే చట్టం ఉండేది. అమెరికా ఒత్తిడి తెచ్చింది, బెల్జియం ఆ ఏడాదే చట్టం మార్చుకుంది, కేసు కొట్టేశారు.